హెచ్చరిక: హీషమ్ వెళ్లేముందు పోటు వేళ చూసుకోండి

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, లాంకషైర్ కౌంటీలో, హీషమ్ అని ఒక ఊరుంది. ఊరి అంచున సముద్రం వైపు ముందుకొచ్చిన ఇసుకరాతి గుట్ట. గుట్ట మీద సెయింట్ పాట్రిక్ పేరు మోస్తున్న పాత చాపెల్ (చిన్న ప్రార్థనామందిరం) శిథిలం, దాని పక్కనే బండలో తొలిచిన సమాధులు. మాంచెస్టర్, ప్రెస్టన్, లాంకాస్టర్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక పూటలో వెళ్లి రాగల చోటు. ఎండ కాసిన శనివారం నలుగురు కలిస్తే ఒక కారు చాలు.

వెళ్లొద్దని చెప్పడానికి రాస్తున్నది కాదు. వెళ్లాల్సిన చోటే. అయితే అక్కడ రెండు పనులు మాత్రం చేయకండి. ఆ రాతి సమాధుల్లో దిగకండి. గుట్ట కింద నీళ్లు వెనక్కి తీశాక బయటపడ్డ ఇసుక మీద నడుచుకుంటూ లోపలికి పోకండి. మొదటి పనికి వెయ్యేళ్ల రాయి అరిగిపోతుంది. రెండో పనికి మనిషే పోతాడు.

రెండు తప్పులకూ మూలం ఒక్కటే. ఆ గుట్ట ఏ ప్రమాదమూ లేని చోటులా, ఎవరి సొత్తూ కాని చోటులా కనిపిస్తుంది. టికెట్టు అడిగేవాడు లేడు, వెళ్లిపొమ్మని ఈల వేసే కాపలాదారు లేడు. పైన మొండిగోడలు, చుట్టూ గడ్డి, కింద కనుచూపు మేర తడిసి మెరుస్తున్న ఇసుక. అల లేదు, ఘోష లేదు. ఇక్కడ భయపడడానికేముంది అనిపిస్తుంది. అలా అనిపించడమే అసలు ప్రమాదం.

ముందు పైనున్న రాయి సంగతి. ఐదో శతాబ్దంలో ఐర్లండ్ క్రైస్తవ బోధకుడు సెయింట్ పాట్రిక్ ప్రయాణిస్తున్న ఓడ పగిలి, ఆయన ఈ గుట్ట దగ్గర ఒడ్డెక్కాడని, దానికి గుర్తుగానే చాపెల్ వెలిసిందని స్థానికులు చెప్పుకునే కథ. మన దగ్గర పాండవులు అరణ్యవాసం చేయని గుట్ట ఏదైనా ఉందా? ఇదీ అలాంటిదే. కథను కథగానే ఉంచి, తవ్వకాలు ఏం చెప్పాయో చూద్దాం. 1977, 1978 సంవత్సరాల్లో ఇక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఇప్పుడు కనిపిస్తున్న గోడల కంటే ముందు అదే చోట ఇంకా చిన్న చాపెల్ ఒకటి ఉండేదని, అది దాదాపు ఎనిమిదో శతాబ్దానిదని అప్పుడు తేలింది. తర్వాతి కాలంలో దాన్ని పెంచి కట్టారు. రంగులు వేసి అక్షరాలు రాసిన గచ్చు ముక్కలు కొన్ని దొరికాయి. అంటే ఇవాళ గాలికి, వానకు ఒళ్లప్పగించి నిలబడ్డ ఈ రాళ్ల లోపలి ముఖం ఒకప్పుడు సున్నపు గచ్చుతో, రాతలతో ఉండేదన్నమాట. పక్షి తల ఆకారంలో చెక్కిన రాయి కూడా ఒకటి బయటపడింది.

ఇంతకన్నా ముఖ్యమైనది మట్టి కింద ఉంది. చాపెల్ చుట్టూ 80 మందికి పైగా మనుషుల అవశేషాలు దొరికాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఒక స్త్రీని గుడ్డలో చుట్టి, దువ్వెనతో పాటు పూడ్చారు. ఆ దువ్వెన సముద్రం మీదుగా వచ్చి ఈ తీరంలో స్థిరపడ్డ నార్స్ జనం, అంటే వైకింగులు, వాడే తరహాది. గుట్ట దిగువన సెయింట్ పీటర్స్ చర్చిలో ఉన్న పదో శతాబ్దపు సమాధి రాయి కూడా వాళ్ల సంప్రదాయానిదే. పంది వీపులా వంగి ఉంటుంది గనుక దాన్ని హాగ్‌బ్యాక్ అంటారు. ఇంగ్లండ్‌లో వైకింగులంటే గొడ్డళ్లు పట్టుకుని ఊళ్లు తగలబెట్టినవాళ్లనే సినిమాలు నేర్పాయి. హీషమ్‌లో వాళ్లు పొరుగువాళ్ల దేవుణ్ణి ఒప్పుకుని, వాళ్ల శ్మశానంలోనే వాళ్ల పక్కనే పడుకున్నారు. వలస వెళ్లినవాళ్ల కథ ఇది. మన పాఠకుల్లో చాలామందికి ఇది దూరపు కథేమీ కాదు.

దక్షిణపు గోడకు ఒక గుమ్మం మిగిలింది. దాని మీద కమాను ఒకే రాయి. అందులో వంపు వెంబడి గాడులు చెక్కారు. ఆంగ్లో-సాక్సన్ కాలపు పనితనం. మన శిల్పుల పనితో పోలిస్తే చాలా సాదాగా అనిపిస్తుంది. కానీ ఆ కాలపు రాతి కట్టడాలు ఇంగ్లండ్‌లో మిగిలినవే తక్కువ గనుక, ఆ గుమ్మం విలువ దాని సైజును బట్టి కాదు. చాపెల్ మొత్తం కలిపినా ఒక మధ్యతరగతి ఇంటి హాలంత ఉండదు. గుట్ట మీద కట్టిన చిన్న ప్రార్థనామందిరం అది. మధ్యయుగంలోనే వాడుక తగ్గి, ఊరి మతజీవితమంతా దిగువన ఉన్న చర్చికి దిగిపోయింది. పైన మందిరం కప్పు పోయింది, గోడలు మిగిలాయి. వదిలేశారు, అంతే.

ఇక సమాధులు. చాపెల్‌కు పడమటి వైపు, సముద్రానికి ఎదురుగా, బండలోనే తొలిచినవి ఆరు వరసగా ఉన్నాయి. కాస్త దూరంలో ఇంకో రెండు. కొన్ని నలుపలకలుగా ఉంటాయి. కొన్నింటిలో తలకూ భుజాలకూ చోటు వదిలి, మనిషి ఆకారాన్నే రాతిలోకి దించారు. చాలావాటి తల దగ్గర ఒక చిన్న గుంత ఉంటుంది, శిలువ నిలబెట్టడానికి. పదకొండో శతాబ్దం నాటివని పండితుల అంచనా. ఊళ్లో అందరికీ మట్టి దొరికింది, కొందరికి మాత్రం రాయిని తొలిచారు. కాబట్టి ఆ కొందరు పెద్ద ఇంటివాళ్లో, మత పెద్దలో అయి ఉంటారని అనుకుంటారు. పైన కప్పిన రాతి పలకలు లేవు, లోపలి ఎముకలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వాటిలో ఉండేది వాననీరు, ఆకాశం నీడ. విశాఖ దగ్గర తొట్లకొండ ఎక్కినవాళ్లకు మొదటిసారి చూడగానే ఆ బౌద్ధుల నీటి తొట్లు గుర్తుకొస్తాయి. అవీ సముద్రం పక్క గుట్ట మీద బండలో తొలిచినవే. కానీ ఇవి నీళ్ల కోసం తొలిచినవి కావు.

ఇవి నిజంగా అందంగా ఉంటాయి. ప్రపంచంలో చాలామందికి హీషమ్ పేరు తెలియకపోయినా ఈ సమాధులు తెలుసు. 2000లో వచ్చిన బ్లాక్ సాబత్ అనే రాక్ బృందం సంకలన ఆల్బమ్ అట్ట మీద ఉన్నవి ఇవే. దాని తర్వాత వచ్చింది ఫోన్ కెమెరా కాలం. సమాధిలో వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కళ్లు మూసుకుని ఫొటో దిగాలన్న సరదా ఎవరికైనా పుట్టొచ్చు. నీళ్లు లేని రోజున పిల్లల్ని అందులో కూర్చోబెట్టాలనిపిస్తుంది. ఎవరో ఒకరు దిగి చూపిస్తే వెనకవాళ్లు వరస కడతారు.

కాస్త ఆలోచించండి. మన ఇళ్లలో చావు ఇంటికి వెళ్లొస్తే గడప దాటకముందే కాళ్లు కడుక్కుంటాం, తలస్నానం చేసిగానీ వంటింట్లోకి పోము. శ్మశానం పక్కనుంచి బండి పోతుంటే పెద్దవాళ్లు మాటలాపుతారు. అలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లం, ఎవరో తెలియని మనిషి పాడెంత కొలతలోకి దిగి నవ్వుతూ ఫొటో దిగుతామా? మతం వేరయితే శ్మశానం కాకుండా పోతుందా? అక్కడ ఎముకలు లేవు కదా అంటారేమో. బండలో లేకపోవచ్చు. మీరు నిలబడ్డ గడ్డి కింద ఎంతమంది ఉన్నారో తవ్వకాలు ఇప్పటికే చెప్పాయి.

మర్యాద సంగతి పట్టనివాళ్ల కోసం రాయి సంగతి చెప్తాం. ఇసుకరాయి అంటే పేరులోనే ఉంది, ఇసుకరేణువులు అతుక్కుని ఏర్పడ్డ రాయి. ఉప్పుగాలి దాని రంధ్రాల్లోకి దూరుతుంది. తడి ఆరినప్పుడు ఉప్పు గట్టిపడి లోపల్నుంచి రేణువుల్ని తోస్తుంది. శీతకాలం నీళ్లు గడ్డకట్టి ఇంకాస్త పగలదీస్తాయి. ఇదంతా ప్రకృతి చేసే పని, దాన్ని ఆపలేం. దాని మీద బూటు మడమ వేసి అంచు మీద బరువు పెడితే ఒక చలికాలం చేసే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. సమాధుల అంచులు, శిలువ గుంతల చుట్టూ ఉన్న పల్చటి రాయి, గుమ్మం మీది గాడులు, అన్నీ అలాంటి అంచులే. ఒకసారి రాలిన అంచును మళ్లీ అతికించలేరు. సిమెంటు పూస్తే అది పదకొండో శతాబ్దపు సమాధి కాదు, ఇరవయ్యొకటో శతాబ్దపు మరమ్మతు.

చట్టం కూడా ఊరుకోదు. ఇది బ్రిటన్ చట్టం రక్షణలో ఉన్న ప్రాచీన కట్టడం, అక్కడి జాబితాలో అత్యున్నతమైన మొదటి గ్రేడులో ఉంది. వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలో ఉంటుంది. 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద దీనికి నష్టం చేయడం నేరం. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లి వెతకడం కూడా నేరమే. గోడ మీద పేరు గీకడం మన దగ్గర చార్మినార్ నుంచి లేపాక్షి దాకా అందరూ చేస్తున్న పనే అనిపించవచ్చు. అక్కడ అది పోలీసు కేసు. వీసా మీద ఉన్న విద్యార్థికి పోలీసు కేసు అంటే ఏమిటో మేము విడమరిచి చెప్పక్కర్లేదు. గుర్తుగా ఇంటికి తెచ్చుకునే చిన్న రాయి ముక్క కూడా అంతే. అలా ఒక్కొక్కరు ఒక్కో ముక్క తెస్తే గోడ మన బీరువాల్లోకి వచ్చేస్తుంది.

రాయి మాట ఇంతటితో ఆపుదాం. ఇంతకన్నా తొందరగా చెప్పాల్సింది గుట్ట కింద ఉంది.

చాపెల్ దగ్గర నిలబడి పడమటికి, ఉత్తరానికి చూస్తే కనిపించేది మోర్‌కమ్ అఖాతం. అటుపక్క నీళ్ల మీద తేలినట్టు లేక్ డిస్ట్రిక్ట్ కొండలు. టర్నర్ అనే గొప్ప చిత్రకారుడు ఈ దృశ్యాన్ని గీశాడు. దక్షిణాన 1904లో తెరిచిన హీషమ్ రేవు, దాని పక్కన రెండు అణువిద్యుత్ కేంద్రాలు. వెయ్యేళ్ల సమాధులూ అణు రియాక్టర్లూ ఒకే చూపులో పడే చోట్లు ఎక్కువ ఉండవు. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, వెళ్తే ఈ అఖాతంలో సముద్రం కనిపించదు. మైళ్ల కొద్దీ ఇసుక తేలి ఉంటుంది. దూరాన సన్నగా మెరుస్తున్న గీత ఒకటి. అక్కడిదాకా నడిచి కాళ్లు తడుపుకుని వద్దామనిపించడం సహజం.

ఇక్కడే మన అనుభవం మనకు శత్రువవుతుంది. మనకు సముద్రం తెలుసు. విశాఖలో, కాకినాడలో, సూర్యలంకలో చిన్నప్పటి నుంచీ చూశాం. ఆ తెలివి మనకు ఏం నేర్పింది? అల పెద్దగా ఉంటే దిగకు, కాలి కింద ఇసుక లాగేస్తుంది, సుడులున్న చోటికి పోకు. అంటే మన దృష్టిలో సముద్రం ప్రమాదం అలలోనే ఉంది. అల లేకపోతే భయం లేదు. ఆటుపోట్ల సంగతి మన ఒడ్డున చేపలవేటకు వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లం పట్టించుకోం. పట్టించుకోవాల్సిన పనీ పడలేదు. విశాఖలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. మోర్‌కమ్ అఖాతంలో అదే పౌర్ణమికి ఆ తేడా 10 మీటర్ల దాకా పోతుంది. మూడంతస్తుల మేడంత. బ్రిటన్ మొత్తం మీద ఇంత ఎక్కువ తేడా ఉండే తీరాల్లో ఇదొకటి.

నేల ఏటవాలుగా ఉంటే పది మీటర్ల నీరు పైకి ఎక్కుతుంది, మనకు కనిపిస్తుంది, పరుగెత్తి తప్పించుకుంటాం. కానీ ఆ అఖాతం అడుగు దాదాపు పళ్లెంలా చదును. చదును నేల మీద నీటికి పైకి పోయే పని లేదు. అడ్డంగా, మైళ్ల కొద్దీ, మనిషి పరుగు కంటే వేగంగా పరుచుకుంటూ వస్తుంది. గుర్రం దౌడుకు కూడా అందదని అక్కడివాళ్లు అంటారు.

ఇంకో మోసం ఉంది. పాటు నుంచి పోటుకు ఆరు గంటల చిల్లర పడుతుంది. ఆ ఆరు గంటల్లో నీరు ఒకే తీరుగా పెరగదు. మొదటి గంటలో కొద్దిగా కదులుతుంది, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మొత్తం పెరుగుదలలో సగం వచ్చి పడుతుంది. మొదటి గంటలో చూసినవాడు ఇంకా చాలా టైముందనుకుంటాడు. ఆ లెక్కతోనే ఇంకాస్త ముందుకు నడుస్తాడు. అసలు నీరు వచ్చేది ఎదుటి నుంచి కూడా కాదు. కెంట్, కీర్, లెవెన్ నదులు ఈ ఇసుకను కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. పోటు ముందుగా ఆ పాయల్లోకి ఎక్కుతుంది. మీరు నిలబడ్డ ఇసుకదిబ్బ పొడిగానే ఉంటుంది. మీకూ ఒడ్డుకూ మధ్య, మీ వీపు వెనక, పాయ నిండిపోతుంది. తిరిగి చూసేసరికి మీరొక దీవిలో ఉంటారు. ఆ దీవి నిమిష నిమిషానికీ చిన్నదవుతుంది. పాయల దారులు కూడా స్థిరం కావు. గాలివానకు మారిపోతాయి. పోయిన ఏడు స్నేహితుడు నడిచి వచ్చిన దారి ఈ ఏడు ఉండకపోవచ్చు.

ఊబి సంగతి చెప్పనే లేదు. పైకి గట్టిగా కనిపించే ఇసుకలో నీరు ఇంకి ఉంటుంది. కాలు పెట్టగానే కదిలి, కాలిని పట్టుకుని బిగుసుకుంటుంది. మోకాలిదాకా దిగిన కాలును గుంజే కొద్దీ ఇంకా బిగుస్తుంది. సినిమాల్లో చూపించినట్టు ఊబి మనిషిని తలదాకా మింగదు. అక్కర్లేదు కూడా. పట్టుకుని ఉంచితే చాలు, మిగతా పని పోటు చేస్తుంది.

ఇదంతా మేము భయపెట్టడానికి అల్లింది కాదు. 1857లో రైలు మార్గం వచ్చేదాకా లాంకాస్టర్ వైపు నుంచి అవతలి ఒడ్డుకు చేరడానికి ఈ ఇసుక మీదుగా పోయేదే దగ్గర దారి. గుర్రపు బళ్లు, సంతకు పోయే జనం, సన్యాసులు, అందరూ దాటేవారు. కార్ట్‌మెల్ అనే చోట ఉన్న చర్చి రికార్డుల్లో ఇలా దాటుతూ మునిగిపోయినవాళ్ల ఖననాలు వందకు పైగా ఉన్నాయి. దారి చూపించడానికి పదహారో శతాబ్దం నుంచి రాజు పేరు మీద ఒక మార్గదర్శకుణ్ణి నియమిస్తూ వస్తున్నారు. ఆ ఉద్యోగం ఇప్పటికీ ఉంది. సెడ్రిక్ రాబిన్సన్ అనే జాలరి 1963 నుంచి 2019 దాకా, యాభయ్యేళ్లకు పైగా ఆ పని చేశాడు. జీతం ఏడాదికి 15 పౌండ్లు, ఉండడానికి ఒక ఇల్లు. ఆయన కూడా ప్రతి నడకకు ముందు వెళ్లి కర్రతో నేల పొడిచి చూసి, దారి పొడుగునా లారెల్ కొమ్మలు గుచ్చి వచ్చేవాడు. వాటిని అక్కడివాళ్లు బ్రాబ్స్ అంటారు. పుట్టినప్పటి నుంచీ ఆ ఇసుకలో పెరిగిన మనిషి నిన్నటి దారిని ఇవాళ నమ్మలేదు. మనం గూగుల్ మ్యాప్‌ను నమ్మి పోతామా?

2004 ఫిబ్రవరి 5 రాత్రి జరిగింది తెలుసుకోండి. చైనా నుంచి, ఎక్కువమంది ఫూజియన్ రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు హీషమ్‌కు కొద్ది మైళ్ల దూరంలో, ఇదే అఖాతంలో, ఇసుకలో దొరికే కాకిల్స్ అనే చిన్న గుల్లలు ఏరుతున్నారు. వాళ్లను తీసుకొచ్చిన మేస్త్రీకి పోటు వేళల సంగతి పట్టలేదు. కూలీలకు ఇంగ్లిషు రాదు, ఆ తీరం తెలియదు. ఒడ్డుకు తిరిగి వెళ్తున్న స్థానిక గుల్లల వేటగాళ్లు చేతి గడియారాలు తట్టి చూపిస్తూ హెచ్చరించబోయారని అప్పటి కథనాల్లో వచ్చింది. అర్థం కాలేదు. చీకటి, చలి, చుట్టూ నీరు. కనీసం 21 మంది చనిపోయారు. 2006లో ఆ మేస్త్రీకి 14 ఏళ్ల జైలుశిక్ష పడింది. కూలీలను కుదిర్చేవాళ్లకు లైసెన్సు ఉండాలని 2004లోనే బ్రిటన్ చట్టం చేసింది. ఫీజులు కట్టడానికి, అద్దెలు కట్టడానికి చేతికి డబ్బిచ్చే ఏ పనికైనా వెళ్లే మన పిల్లలు కూడా ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎక్కడ పని, ఎలాంటి పని, తిరిగి ఎలా వస్తాం అన్నది అడగకుండా వ్యాను ఎక్కకండి.

వాళ్లు పనికోసం వెళ్లారు, మనం సరదాకు వెళ్తాం, మనకేం అనుకోకండి. నీటికి ఆ తేడా తెలియదు. వేసవి మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నా ఆ సముద్రపు నీరు చల్లగానే ఉంటుంది. మన గోదావరిలో ఈదిన ధైర్యం అక్కడ పనికిరాదు. హఠాత్తుగా చల్లటి నీటిలో పడ్డ శరీరం ఊపిరి అదుపు తప్పి గబగబా పీల్చడం మొదలెడుతుంది. ఈతగాడు కూడా ఆ మొదటి నిమిషంలోనే నీళ్లు మింగుతాడు. అలా పడితే చేతులు కొట్టుకోకుండా, తల వెనక్కి వాల్చి, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగమని అక్కడి సహాయక దళాలు చెప్తాయి. జీన్స్, బరువు బూట్లు వేసుకున్న మనిషి ఈది బయటపడతాననుకోవడం కంటే అదే మేలు.

ఈ ఊరికి అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు విడిగా ఒక మాట. ఆరు నెలల వీసా మీద వచ్చి కొడుకు ఇంట్లోనో కూతురింట్లోనో ఉండే పెద్దవాళ్లకు ఆ చాపెల్ నచ్చుతుంది. కానీ గుట్ట మీది బండ వానకు నాచు పట్టి జారుతుంది. చెప్పులతో, చీర కుచ్చిళ్లతో సమాధుల చుట్టూ తిరగడం మంచిది కాదు. గుట్ట అంచు సముద్రం వైపు నిలువుగా తెగి ఉంటుంది. ఫొటో కోసం ఇంకో అడుగు వెనక్కి వేయమని ఎవరూ చెప్పకండి. చిన్నపిల్లల చెయ్యి వదలకండి. మొండిగోడలెక్కి కూర్చోకండి. వెయ్యేళ్లు నిలిచిన గోడ మన బరువును కూడా మోస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

కింద ఒడ్డుకు దిగాలనిపిస్తే దిగండి, కానీ గుట్ట పాదం దగ్గరే, పోటు తీసే వేళలోనే, తిరిగి ఎక్కే మెట్లు కళ్లకు కనిపించే దూరంలోనే ఉండండి. బయల్దేరేముందు పోటు వేళల పట్టిక చూడండి. మోర్‌కమ్‌కైనా హీషమ్‌కైనా ఆ పట్టికలు సులువుగా దొరుకుతాయి. వాటిలో మన పిల్లలు ఎక్కువగా పొరబడేది ఒక చోట. కొన్ని పట్టికలు ఏడాది పొడుగునా గ్రీనిచ్ సమయమే వేస్తాయి. మార్చి చివరి నుంచి అక్టోబరు చివరి దాకా గడియారాలు గంట ముందుకు జరుపుతారు గనుక, ఆ పట్టికలోని వేళకు ఒక గంట కలపాలి. ఆ గంట లెక్క తప్పితే అఖాతంలో ఏమవుతుందో పైన చెప్పాం. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, నిన్న వెళ్లొచ్చిన మిత్రుడి వాట్సాప్ సలహా ఇవాళ్టికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు మరీ ఎక్కువగా ఉంటుంది. ఈ విషయంలో మాత్రం అమ్మమ్మ పంచాంగం అక్కడా పనిచేస్తుంది. శీతకాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. పొగమంచు కమ్మితే ఒడ్డెటో ఇసుకెటో తెలియదు.

అఖాతాన్ని నడిచి దాటాలన్న కోరిక ఉన్నవాళ్లకు దారి ఉంది. రాజు పేరున్న ఆ మార్గదర్శకుడి వెంట, గుంపులుగా, నిర్ణయించిన తేదీల్లో నడకలు జరుగుతాయి. ఆ నడకల్లోనే వెళ్లండి. సొంతంగా వద్దు, నలుగురం కలిసి వెళ్తే ఫర్వాలేదన్న లెక్క అసలే వద్దు. ఊబిలో ఒకడు చిక్కితే మిగతా ముగ్గురూ వాణ్ణి లాగబోయి అక్కడే చిక్కుతారు.

తెలుగు సంఘాలకు, యూనివర్సిటీల్లో మన విద్యార్థి గ్రూపులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. సముద్రతీరానికి పిక్నిక్ ప్రకటన పెట్టేటప్పుడు బస్సు ఎక్కడ ఆగుతుంది, పులిహోర ఎవరు తెస్తున్నారు అనే వివరాలతో పాటు ఆ రోజు పోటు ఎన్ని గంటలకో కూడా రాయండి. తెలుగులో రాయండి. కొత్తగా వచ్చిన పిల్లలకు ‘టైడ్’ అన్న మాట పుస్తకంలో తెలుసు, ఒంటికి తెలియదు.

ఎవరైనా ఇసుకలో చిక్కుకుంటే, చిక్కుకున్నవాళ్లు వెనక్కి వాలి, వీలైతే కూర్చుని, బరువును ఎక్కువ చోటు మీద పరచాలి. బ్యాగు విసిరేయాలి. కాలును ఒక్క ఊపున గుంజకుండా మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ వదులు చేసుకోవాలి. పక్కనున్నవాళ్లు దగ్గరకు పోకుండా, వచ్చిన దారినే గట్టి నేల మీదికి చేరాలి. నీరు రావడానికి ఇంకా టైముందని ఎదురుచూడకుండా వెంటనే 999కు ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తగానే ఏ సేవ కావాలని అడుగుతారు. పోలీసనో, అంబులెన్సనో అనకండి, ‘కోస్ట్‌గార్డ్’ అనండి. మోర్‌కమ్‌లో ఇసుక మీదా, నీటి మీదా పోగలిగే హోవర్‌క్రాఫ్ట్ 2002 నుంచి ఉంది. దాన్ని పంపాల్సింది వాళ్లే. ఏ ఒడ్డు నుంచి దిగారు, ఎదురుగా ఏం కనిపిస్తోంది, ఎంతమంది ఉన్నారు, ఈ మూడూ చెప్పండి. ఇంగ్లిషు తడబడితే ఫర్వాలేదు, ఫోన్ మాత్రం పెట్టేయకండి.